పెళ్లి భోజనం తర్వాత మొదలైన నొప్పి: ఒక అక్యూట్ కోలిసిస్టైటిస్ కేసు, మొదటి రాత్రి నుంచి బయాప్సీ దాకా

నేను ఒక జిల్లా కేంద్రంలో జనరల్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. గాల్ బ్లాడర్ వాపు, అదే పిత్తాశయం వాచిపోవడం, మేం కోలిసిస్టైటిస్ అంటాం. దీని గురించి ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలు, డ్యూటీ డాక్టర్లకి వచ్చే సందేహాలు, టేబుల్ మీద సర్జన్ తేల్చుకోవాల్సిన విషయాలు, దాదాపు అన్నీ ఒకే పేషెంటులో వచ్చిన కేసు ఇది. అందుకే వివరంగా రాస్తున్నా. ఆవిడ ఎవరో తెలిసిపోయే వివరాలు మార్చేశాను.

పేషెంటుకి 52 ఏళ్లు. పదేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు, బరువు 74 కిలోలు. సోమవారం రాత్రి ఎనిమిది గంటలకి క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి, జ్వరం, వాంతులు. చేతిలో ఉన్న చీటీ మీద "గ్యాస్ట్రైటిస్" అని రాసి ఉంది, కింద పాంటాప్రజోల్, ఆన్‌డాన్‌సెట్రాన్, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు చేసినట్టు ఉంది.

నేను అడిగిన మొదటి ప్రశ్న, నొప్పి ఎంత ఉంది అని కాదు. ఎప్పుడు మొదలైంది, ఎప్పటి నుంచి పూర్తిగా పోకుండా ఉంది అని. గాల్ బ్లాడర్ విషయంలో జబ్బు ఏ దశలో ఉంది, ఆపరేషన్ ఇప్పుడా తర్వాతా, లోపల ఏం కనిపించబోతోంది, వీటన్నిటికీ సగం జవాబు ఆ గంటల లెక్కలోనే ఉంటుంది. కేస్ షీట్లలో చాలాసార్లు "రెండు రోజుల నుంచి కడుపునొప్పి" అని రాసి వదిలేస్తారు. రెండు రోజులంటే 30 గంటలూ కావచ్చు, 70 గంటలూ కావచ్చు, ఆ రెండిటికీ చాలా తేడా ఉంది.

కొడుకు చెప్పిన దాని ప్రకారం శనివారం రాత్రి బంధువుల పెళ్లి. గారెలు, బిర్యానీ, రెండు మూడు రకాల స్వీట్లు, అన్నీ కొంచెం కొంచెం తిన్నారు. ఇంటికొచ్చి పడుకున్నాక పన్నెండున్నర ప్రాంతంలో రొమ్ము ఎముక కింద, పొట్ట నడిమధ్యలో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది. వాంతి అయింది, అయినా హాయిగా అనిపించలేదు. సోడా తాగించారు, ఈనో కలిపిచ్చారు, వాము నమిలించారు. తెల్లారాక ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్ చేస్తే రెండు మూడు గంటలు కునుకు పట్టింది. ఆదివారం మధ్యాహ్నానికి నొప్పి మళ్లీ పెరిగింది, ఈసారి నడిమధ్య నుంచి కుడి డొక్కలోకి జరిగింది, కుడి భుజం వెనక రెక్క దాకా లాగడం మొదలైంది. సోమవారం పొద్దున చలి పెట్టి జ్వరం. అంటే మా దగ్గరకి వచ్చేసరికి దాదాపు 44 గంటలు. ఇంజెక్షన్‌తో తగ్గిన ఆ రెండు మూడు గంటల్ని నేను "నొప్పి ఆగింది" అని లెక్కలోంచి తీసెయ్యను, ఎందుకంటే అది మందు ప్రభావం.

నొప్పి అలా జాగా మారడం వెనక కారణం ఉంది. గాల్ బ్లాడర్ లివర్ కింద అతుక్కుని ఉండే చిన్న సంచి, 30 నుంచి 50 మిల్లీలీటర్లు పడుతుంది. లివర్ రోజంతా తయారుచేసే పసరుని నిలవ ఉంచి, చిక్కబరిచి, నూనె, నెయ్యి ఉన్న తిండి చిన్నపేగులోకి దిగగానే అక్కడి నుంచి వచ్చే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ చెప్పినట్టు ముడుచుకుని పసరుని బయటికి పంపుతుంది. లోపల రాయి ఉంటే ఆ ముడుచుకునే సమయంలో మెడ దగ్గరకి వచ్చి ఇరుక్కుంటుంది. కాసేపటికి వెనక్కి జారిపోతే నొప్పి కూడా పోతుంది, దాన్ని బిలియరీ కోలిక్ అంటాం, మామూలుగా అరగంట నుంచి కొన్ని గంటలు ఉండి తగ్గిపోతుంది. ఆరు గంటలు దాటినా తగ్గలేదంటే రాయి వెనక్కి పోలేదని అనుమానించాలి. అప్పుడు లోపల ఒత్తిడి పెరుగుతుంది, గోడకి రక్తప్రసారం తగ్గుతుంది, లోపలి పొర దెబ్బతిని వాపు పుట్టించే రసాయనాలు విడుదలవుతాయి. మొదట్లో ఇది రసాయనాల వల్ల వచ్చే వాపే, బ్యాక్టీరియా తర్వాత చేరుతుంది. వాపు లోపలికే పరిమితమైనంతసేపు నొప్పి ఎక్కడో తెలియనట్టు నడిమధ్యలో ఉంటుంది, గోడ దాటి పొట్ట లోపలి పొరని తాకగానే వేలు పెట్టి చూపించగలిగేలా కుడివైపుకి వస్తుంది. జనం "గ్యాస్ పక్కకి పట్టింది" అనేది ఈ దశనే, నిజానికి అది జబ్బు ముదిరిందన్న గుర్తు.

పరీక్ష చేస్తే జ్వరం 101.4, పల్స్ 112, బీపీ 130/80. కళ్లు పచ్చగా లేవు. కుడి పక్కటెముకల కింద నాలుగు వేళ్లు మెల్లగా లోపలికి నొక్కి ఉంచి "ఊపిరి గట్టిగా పీల్చమ్మా" అన్నాను. ఊపిరి సగం దాకా వచ్చి టక్కున ఆగిపోయింది, ఆవిడ చేయి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఎడమవైపు అదే చేస్తే పూర్తిగా పీల్చగలిగారు. ఇదే మర్ఫీ సైన్, షికాగో సర్జన్ జాన్ బెంజమిన్ మర్ఫీ చెప్పి వందేళ్లు దాటినా ఇప్పటికీ పనికొస్తోంది. ఊపిరి పీల్చినప్పుడు డయాఫ్రం కిందికి దిగి, లివర్‌ని, దానితో పాటు వాచిన సంచిని మన వేళ్ల మీదికి నెడుతుంది. రెండు వైపులా చేసి పోల్చాలి, అప్పుడే దానికి విలువ. ఇంకో మాట, పెద్ద వయసువాళ్లలో, షుగర్ పేషెంట్లలో, నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని వచ్చినవాళ్లలో ఇది సరిగ్గా కనిపించకపోవచ్చు. లేదు కాబట్టి జబ్బు లేదనుకోకూడదు.

వెంటనే తీయించింది ఈసీజీ. 52 ఏళ్లు, షుగర్, పొట్ట పైభాగంలో నొప్పి, వాంతులు అంటే గుండె కింది గోడకి వచ్చే హార్ట్ ఎటాక్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, స్కాన్‌కి పంపేలోపే ఆ అనుమానం తీర్చుకోవాలి. ఈసీజీ మామూలుగా ఉంది, గుండె దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ నెగెటివ్. అమైలేజ్, లైపేజ్ మామూలుగానే ఉన్నాయి కాబట్టి పాంక్రియాస్ వాపు పక్కకి పోయింది. ఛాతీ ఎక్స్‌రేలో డయాఫ్రం కింద గాలి లేదు, కుడివైపు నిమోనియా లేదు. లివర్‌లో చీముగడ్డ ఉందేమో స్కాన్‌లో చూడమన్నాను, మన వైపు అది అరుదేం కాదు.

తెల్లకణాలు 19,200. వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ 168. బిలిరుబిన్ 1.6, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 138, క్రియాటినిన్ 1.1. షుగర్ 312, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.1. అల్ట్రాసౌండ్‌లో గాల్ బ్లాడర్ 10.8 సెంటీమీటర్ల పొడవున ఉబ్బి ఉంది, గోడ మందం 6 మిల్లీమీటర్లు, మామూలుగా 3 లోపే ఉండాలి, మెడ దగ్గర 17 మిల్లీమీటర్ల రాయి ఒకటి ఇరుక్కుని ఉంది, పక్కకి తిప్పి పడుకోబెట్టినా కదల్లేదు, సంచి చుట్టూ కొంచెం నీరు. కామన్ బైల్ డక్ట్, అంటే పసరుని పేగులోకి తీసుకెళ్లే ప్రధాన నాళం, 5 మిల్లీమీటర్లు, అందులో రాయి కనిపించలేదు. రేడియాలజిస్టుని ప్రత్యేకంగా అడగాల్సింది ఈ చివరి మాటే. డక్ట్ వెడల్పై బిలిరుబిన్ బాగా పెరిగి ఉంటే కథ వేరే, అప్పుడు ఎంఆర్‌సీపీ, అంటే పసరు నాళాల ఎంఆర్ఐ స్కాన్, అవసరమైతే ఎండోస్కోపీతో ముందు ఆ రాయి తీయించడం, ఆ తర్వాతే సంచి సంగతి. ఈవిడకి బిలిరుబిన్ కొద్దిగానే పెరిగింది, పక్కన ఇంత వాపున్నప్పుడు అంతమాత్రం పెరగడం మామూలే.

టోక్యో గైడ్‌లైన్స్ అని ఉన్నాయి, 2007లో మొదలై 2013లో, 2018లో సవరించారు, మేం రోజూ వాడేవి అవే. కుడివైపు నొప్పి లేదా మర్ఫీ సైన్, జ్వరం లేదా రక్తంలో వాపు గుర్తులు, స్కాన్‌లో రుజువు, ఈ మూడూ కలిస్తే నిర్ధారణ ఖాయం. తర్వాత తీవ్రత చూడాలి. ఏ అవయవమూ దెబ్బతినకుండా, తెల్లకణాలు 18,000 దాటినా, కుడివైపు ముట్టుకుంటే నొప్పెట్టే గడ్డ తగిలినా, 72 గంటలు దాటినా, లోపల గ్యాంగ్రీన్ (గోడ చచ్చుబడటం), చీము గుర్తులున్నా గ్రేడ్ 2. బీపీ పడిపోవడం, కిడ్నీలు, ఊపిరితిత్తులు, స్పృహ దెబ్బతినడం ఉంటే గ్రేడ్ 3. ఈవిడది గ్రేడ్ 2.

పాత కాయితాల కవర్‌లో రెండేళ్ల కిందటి స్కాన్ రిపోర్టు ఒకటి దొరికింది, గర్భసంచి కోసం తీయించింది. అందులోనే గాల్ బ్లాడర్‌లో రాయి ఉందని ఉంది. అప్పుడు ఏ నొప్పీ లేదు, ఆపరేషన్ వద్దనడం సరైన మాటే. నొప్పి లేని రాళ్లలో ఏటా నూటికి ఒకళ్లిద్దరికే ఇబ్బంది మొదలవుతుంది, ఉన్నాయని చెప్పి అందరికీ కోసేయక్కర్లేదు. కానీ గుచ్చి గుచ్చి అడిగితే, గత సంవత్సరంలో పండగ వంటలు తిన్న రాత్రుల్లో ఇలాంటి నొప్పే వచ్చి గంట రెండు గంటల్లో తగ్గిందని, మూడుసార్లయినా అయ్యుంటుందని ఆవిడే చెప్పారు. ప్రతిసారీ గ్యాస్ ట్రబుల్ అనుకున్నారు. అవి బిలియరీ కోలిక్ నొప్పులు. రాయి ఉన్న మనిషికి అలాంటి నొప్పి ఒకసారి వచ్చిందంటే ఇక అది నొప్పి లేకుండా ఊరికే పడి ఉన్న రాయి కాదు, తీరిగ్గా, షుగర్ అదుపులో పెట్టుకుని, మంచి ముహూర్తం చూసుకుని మరీ ఆపరేషన్ చేయించుకోగలిగిన సమయం అదే. ఇది చదివేవాళ్లలో ఇంట్లో ఎవరికైనా రాయి ఉందని తెలిసుండి, రాత్రిపూట ఇలా "గ్యాస్" పడుతుంటే దయచేసి ఒకసారి సర్జన్‌కి చూపించండి.

ఆ రాత్రి నోటి ద్వారా ఏమీ ఇవ్వలేదు. రింగర్ లాక్టేట్, నరానికి పారాసిటమాల్, చాలకపోతే ట్రమడాల్. రక్తంలో క్రిములున్నాయేమో చూడటానికి బ్లడ్ కల్చర్ తీసి, పైపరాసిలిన్ టాజోబాక్టం మొదలుపెట్టాం. మాత్రలు ఆపి ఇన్సులిన్ డ్రిప్ పెట్టాం, గంటకోసారి షుగర్ చూస్తూ తెల్లారేసరికి 180 దగ్గరికి తెచ్చారు మా నర్సులు. షుగర్ పేషెంట్లలో గాల్ బ్లాడర్ త్వరగా గ్యాంగ్రీన్‌లోకి వెళ్తుంది, నొప్పి మాత్రం ఆ స్థాయిలో కనిపించకపోవచ్చు, అందుకే ఇలాంటివాళ్ల విషయంలో పొద్దున చూద్దాంలే అని వదిలేయలేం.

తర్వాత అసలు చర్చ, కుటుంబంతో. కొడుకు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. "సార్, ముందు యాంటీబయాటిక్స్‌తో వాపు తగ్గించి ఆరు వారాల తర్వాత చేయించుకోమంటున్నారండీ, ఇప్పుడు చేస్తే రిస్క్ అంట కదా?"

ఆ సలహా ఇచ్చినవాళ్లని తప్పుపట్టను. ఒకప్పుడు అందరం అలాగే నేర్చుకున్నాం. సంచిని చల్లారనిచ్చి తర్వాత తీయాలనేది చాలాకాలం నడిచిన పద్ధతి. ఇప్పుడు రుజువులు వేరేగా ఉన్నాయి. జర్మనీ సర్జన్లు నడిపి 2013లో ప్రచురించిన ఏసీడీసీ ట్రయల్‌లో 618 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఆసుపత్రిలో చేరిన 24 గంటల్లోపు ఆపరేషన్, ఇంకో భాగానికి ముందు మందులిచ్చి 7 నుంచి 45 రోజుల మధ్యలో ఆపరేషన్. త్వరగా చేసినవాళ్లలో ఇబ్బందులు నూటికి 11.8, ఆలస్యం చేసినవాళ్లలో 34.4. ఆసుపత్రిలో ఉన్న రోజులు కూడా సగమే. ఆరు వారాలు ఆగుదామనుకున్నవాళ్లలో కొందరికి మధ్యలోనే నొప్పి తిరగబెడుతుంది, కొందరికి రాయి కిందికి జారి కామెర్లో పాంక్రియాస్ వాపో తెస్తుంది, అప్పుడు ఎమర్జెన్సీలో ఇంకా కష్టమైన ఆపరేషన్ చేయాల్సొస్తుంది.

త్వరగా చేస్తే ఎందుకు సులువు? మొదటి రెండు మూడు రోజుల్లో గోడలో నీరు చేరి ఉంటుంది, ఆ నీరే పొరల్ని విడదీసి పెడుతుంది, నానబెట్టిన మినప్పప్పు పొట్టు వేలితో రుద్దితే ఊడొచ్చినట్టు పొరలు విడిపోతాయి. మూడో రోజు, ఐదో రోజు మధ్యలో గోడ చచ్చుబడటం, రక్తం కారడం మొదలవుతుంది. వారం దాటాక చీము, ఆ తర్వాత మచ్చకట్టి అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. 72 గంటలు అనేది గోడ మీద గీసిన గీతేం కాదు, వారం పదిరోజుల దాకా కూడా అనుభవమున్నచోట చేస్తారు. కానీ ప్రతి పూటకీ పని కష్టమవుతూ పోతుంది.

ఆవిడ భర్త ప్రశ్న, "షుగర్ ఇంతుంది కదండీ, గాయం మానుతుందంటారా?" మానుతుంది, షుగర్ అదుపు చేస్తూ చేస్తే. అసలు ఒంట్లో చీము ఉన్నంతకాలం షుగర్ సులువుగా దిగి రాదు, 312 దాకా వెళ్లడంలో దాని వాటా కూడా ఉంది. మరీ గుండె, ఊపిరితిత్తులు బాగోలేక మత్తు ఇవ్వలేని స్థితిలో ఉన్నవాళ్లకైతే చర్మం లోంచి సంచిలోకి ట్యూబు వేసి చీము తీసేస్తాం. అది కూడా మంచి దారే, కానీ సులువు కదా అని అందరికీ వాడకూడదు. నెదర్లాండ్స్‌లో రిస్క్ ఎక్కువున్న పేషెంట్లలోనే ఈ రెండిటినీ పోల్చి 2018లో ఫలితాలిచ్చారు, ట్యూబు వేసినవాళ్లలో నూటికి 65 మందికి పెద్ద ఇబ్బందులొస్తే, కీహోల్ ఆపరేషన్ చేసినవాళ్లలో 12 మందికే వచ్చాయి.

చివరికి పేషెంటు అడిగారు. "బాబూ, రాయి ఒక్కటీ తీసేసి సంచి ఉంచెయ్యకూడదా?" చాలా న్యాయమైన ప్రశ్న, కిడ్నీ రాళ్లకి అలాగే చేస్తారు కదా. గాల్ బ్లాడర్‌కి కూడా మొదట్లో అలాగే చేశారు, 1867లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో జాన్ బాబ్స్ అనే సర్జన్ సంచిని కోసి రాళ్లు తీసి మళ్లీ కుట్టేశాడు. కానీ రాళ్లు తయారవడానికి కారణమైన సంచి అక్కడే ఉంటే మళ్లీ తయారవుతాయి. అందుకే 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ మొట్టమొదటిసారి సంచి మొత్తాన్నే తీశాడు, రాళ్లున్నందుకు కాదు, రాళ్లని తయారుచేస్తోంది కాబట్టి తీయాలనేది ఆయన వాదన. పైగా ఈవిడ విషయంలో గోడే కుళ్లిపోయే దశలో ఉంది. సంచి లేకపోయినా పసరు లివర్ నుంచి నేరుగా పేగులోకి దిగుతుంది, అరుగుదల ఆగిపోదు. ఇది చెప్పాక ఆవిడ ఒప్పుకున్నారు, సంతకం భర్త కంటే ముందు ఆవిడే పెట్టారు.

మంగళవారం మధ్యాహ్నం, నొప్పి మొదలై 60 గంటలు అవుతుండగా టేబుల్ మీదికి తీసుకున్నాం. జనరల్ అనస్థీషియా, నాలుగు చిన్న రంధ్రాలు, పొట్టలో 12 మిల్లీమీటర్ల ఒత్తిడితో కార్బన్ డయాక్సైడ్. ఈ కీహోల్ పద్ధతిని 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహే మొదలుపెడితే, మన దేశంలో 1990లో ముంబైలో తెహంతన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. ఇప్పుడు జిల్లా ఆసుపత్రుల్లో కూడా మామూలైపోయింది.

కెమెరా పెట్టగానే గాల్ బ్లాడర్ కనిపించలేదు. ఒమెంటం, అంటే పేగుల మీద తెరలా వేలాడే కొవ్వు పొర, వచ్చి దాన్ని పూర్తిగా కప్పేసింది. శరీరం తనకి తాను చేసుకునే కాపలా అది. సక్షన్ ట్యూబు మొద్దు కొనతో మెల్లగా తోస్తుంటే విడిపోయింది. కింద సంచి బిగిసిపోయి ఉంది, పట్టుకుంటే గ్రాస్పర్ జారిపోతోంది, పైకొన దగ్గర రూపాయి బిళ్లంత మేర నల్లగా, మెరుపు లేకుండా ఉంది. గ్యాంగ్రీన్. సూదితో గుచ్చి ఖాళీ చేస్తే ఆకుపచ్చ పసరు రాలేదు, బూడిదరంగు చిక్కటి చీము వచ్చింది. కల్చర్‌కి పంపాం.

ఇక్కడి నుంచి అసలు పని. సంచి మెడ, సంచి నుంచి బయల్దేరే సిస్టిక్ డక్ట్, లివర్ అంచు, లివర్ నుంచి పసరు తెచ్చే కామన్ హెపాటిక్ డక్ట్ మధ్యలో ఉండే చోటుని కాలట్ త్రికోణం అంటాం. గాల్ బ్లాడర్ ఆపరేషన్‌లో ప్రమాదమంతా ఆ రెండంగుళాల్లోనే ఉంది. పసరు నాళాన్ని సిస్టిక్ డక్ట్ అనుకుని కోసేయడం వెయ్యి ఆపరేషన్లలో మూడు నుంచి ఐదింటిలో జరుగుతుందని లెక్కలున్నాయి, అది జరిగితే ఆ మనిషికి పేగుతో నాళం కలిపే పెద్ద ఆపరేషన్, నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఇబ్బంది. దాన్ని ఆపడానికే 1995లో అమెరికన్ సర్జన్ స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ ఒక నియమం పెట్టారు. త్రికోణంలో కొవ్వు, పీచు అంతా శుభ్రం చేయాలి, సంచి కింది మూడో వంతు లివర్ నుంచి విడదీయాలి, అప్పుడు సంచిలోకి రెండే రెండు గొట్టాలు వెళ్తున్నట్టు కనిపించాలి. ఈ మూడూ కనబడందే క్లిప్ వేయకూడదు.

ఈవిడకి పైభాగం బాగానే విడిపోయింది, నీరున్న పొరలు మేం అనుకున్నట్టే సహకరించాయి. మెడ దగ్గరకి వచ్చేసరికి ఆ 17 మిల్లీమీటర్ల రాయి హార్ట్‌మన్ పౌచ్ అనే మెడ దగ్గరి ఉబ్బులో కూర్చుని, ఆ గోడ పక్కనున్న హెపాటిక్ డక్ట్ వైపుకి అతుక్కుపోయి ఉంది. ఏడాదిగా వస్తున్న ఆ "గ్యాస్" నొప్పులు అక్కడ మచ్చ కట్టించాయి, ఈసారి వచ్చింది మాత్రమే కొత్త వాపు. లివర్ మీద రూవియే సల్కస్ అని ఒక గాడి ఉంటుంది, దానికి కిందికి దిగితే నాళం మీదికి వెళ్తున్నట్టే. గాడిని చూసుకుని, కెమెరా వెనక్కి తీయించి మొత్తం దృశ్యం మళ్లీ చూసి, ఇంకా కొంచెం ప్రయత్నించాను. మూడు షరతుల్లో రెండు రాలేదు. అక్కడ ఆగిపోవాలని నిర్ణయించాం. ఇది చేతకాక ఆగడం కాదు, ఇలాంటి చోట ఆగడమే సరైన సర్జరీ అని నేను గట్టిగా నమ్ముతాను, జూనియర్లకి కూడా అదే చెబుతాను. పొట్ట తెరిచి చేయడం కూడా ఒక దారే, కానీ తెరిచినంత మాత్రాన అతుక్కున్నది ఊడిపోదు, అదే చోటు అదే ప్రమాదం.

మేం ఎంచుకున్నది సబ్‌టోటల్ కోలిసిస్టెక్టమీ, అంటే సంచిలో కొంత వదిలేసి మిగతాది తీసేయడం. గాడికి పైనే ఉంటూ సంచిని మెడ దగ్గర తెరిచాం, రాయిని బయటికి నెట్టి బ్యాగులో వేశాం, గ్యాంగ్రీన్ ఉన్న భాగంతో సహా సంచిలో ఎక్కువ భాగం తీసేశాం, నాళానికి అతుక్కున్న గోడని మాత్రం అలాగే వదిలేశాం. లోపలి నుంచి చూస్తే సిస్టిక్ డక్ట్ రంధ్రం కనిపించింది, సన్నగా పసరు వస్తోంది, దాన్ని లోపలి నుంచే కుట్టు వేసి మూశాం. మిగిలిన గోడని మళ్లీ సంచిలా కుట్టి మూసెయ్యలేదు, అలా మూస్తే చిన్న గాల్ బ్లాడర్ మిగిలి అందులో మళ్లీ రాళ్లు రావచ్చు. తెరిచి వదిలితే కొన్నాళ్లు పసరు కారే అవకాశం ఎక్కువ. ఈ రెండిట్లో కారడమే నయం, ఎందుకంటే దానికి మందుంది. కడిగి, లోపల చేరే ద్రవం బయటికి రావడానికి డ్రెయిన్ ట్యూబు పెట్టి బయటికొచ్చాం, రెండు గంటల పైన పట్టింది. థియేటర్ బయటే కొడుక్కి రాయి చూపించి, ఏం వదిలేశామో, ఎందుకు వదిలేశామో, డ్రెయిన్‌లో పసరు రావచ్చని కూడా అప్పుడే చెప్పేశాను.

ముందే చెప్పడం మంచిదైంది. మొదటి రోజు డ్రెయిన్‌లో ఎర్రటి నీళ్లు కొద్దిగా, రెండో రోజు పొద్దున పసుపుపచ్చ పసరు, 90 మిల్లీలీటర్లు. ఇంట్లోవాళ్లకి టెన్షన్ వచ్చింది, సహజమే. మాకు చూడాల్సినవి వేరే. జ్వరం లేదు, పల్స్ 84, పొట్ట మెత్తగా ఉంది, బిలిరుబిన్ 0.9కి దిగింది, స్కాన్‌లో ఎక్కడా పసరు నిలవలేదు. వచ్చేదంతా డ్రెయిన్‌లోకే వస్తోంది. మర్నాడు 70, తర్వాత 30, ఐదో రోజుకి పదిలోపు. ఆరో రోజు డ్రెయిన్ తీసేశాం. తగ్గకుండా రోజూ అంతే వస్తుంటే, లేదా పెరుగుతుంటే ఈఆర్‌సీపీ (ఎండోస్కోపీ ద్వారా పసరు నాళంలోకి వెళ్లే పద్ధతి) చేయించి పసరు నాళంలో స్టెంట్ అనే చిన్న గొట్టం పెట్టిస్తారు, దానివల్ల పసరు సులువుగా పేగులోకి దిగి రంధ్రం మూసుకుంటుంది. ఈవిడకి ఆ అవసరం రాలేదు.

కుడి భుజం నొప్పి గురించి మొదటి రెండు రోజులూ అడుగుతూనే ఉన్నారు, ఆపరేషన్ పొట్టకి అయితే భుజం ఎందుకని. గ్యాస్ వల్ల డయాఫ్రం సాగుతుంది, దాని నరం మెడ దగ్గర్నుంచే వస్తుంది, అందుకే అక్కడ తెలుస్తుంది. లేచి నడిస్తే తగ్గుతుంది. మర్నాడు పొద్దునే నడిపించాం, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం ఇడ్లీ.

చీము కల్చర్‌లో ఈ.కోలై వచ్చింది. సెఫ్‌ట్రయాక్సోన్‌కీ, సిప్రోఫ్లాక్సాసిన్‌కీ లొంగదు, మేం ఇస్తున్న మందుకి లొంగుతోంది. గ్యాంగ్రీన్ ఉంది కాబట్టి ఆపరేషన్ తర్వాత నాలుగు రోజులిచ్చి ఆపేశాం. గ్యాంగ్రీన్, చిల్లు లేని మామూలు కేసుల్లో సంచి తీసిన 24 గంటల్లో యాంటీబయాటిక్స్ ఆపెయ్యొచ్చు. ఇంటికి పంపేటప్పుడు "భద్రత కోసం" ఇంకో వారం మాత్రలు రాయడం మన దగ్గర బాగా అలవాటు, దానివల్ల పేషెంటుకి మేలు లేదు, ఇలాంటి లొంగని క్రిములు ఊళ్లో పెరగడం తప్ప.

డిశ్చార్జి రోజు కొడుకు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు, యాపిల్ జ్యూస్, ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే ఆకుపచ్చ రాళ్లు విరేచనంలో పడిపోతాయని. అమ్మకి కాదు, పెదనాన్నకి రాళ్లున్నాయట, ఆయనకి ఇద్దామా అని. అలా పడినవాటిని న్యూజిలాండ్ డాక్టర్లు పరీక్ష చేసి 2005లో లాన్సెట్‌లో రాశారు, అవి రాళ్లు కావు, తాగిన నూనె కడుపులో గడ్డకట్టి సబ్బులా తయారైన ముద్దలు. కొండపిండాకు కషాయం గురించి కూడా తరచూ అడుగుతారు. అది కిడ్నీ రాళ్లకని వాడుకలో ఉన్నది, మూత్రంలోకి వెళ్లేది ఏదైనా పిత్తాశయంలో రాయిని తాకదు, దారే వేరు. కరిగించే మాత్ర ఒకటి నిజంగానే ఉంది, అర్సోడియాక్సికోలిక్ యాసిడ్. కాల్షియం లేని చిన్న కొలెస్ట్రాల్ రాళ్లకి, సంచి బాగా పనిచేస్తుంటే, నెలల తరబడి వాడితే కొందరిలో పనిచేస్తుంది, ఆపాక చాలామందిలో మళ్లీ వస్తాయి. మెడలో రాయి ఇరుక్కుని వాపు వచ్చినప్పుడు దానితో పని జరగదు. పెదనాన్నగారికి నొప్పేమీ లేదన్నాడు, అయితే ఆయనకి జ్యూసూ వద్దు, ఆపరేషనూ వద్దు, భోజనం తర్వాత ఇలాంటి నొప్పి వస్తే మాత్రం తీసుకురమ్మన్నాను.

పది రోజుల తర్వాత బయాప్సీ రిపోర్టు వచ్చింది. పాత వాపు మీద కొత్త వాపు, ఒకచోట గ్యాంగ్రీన్, క్యాన్సర్ కణాలు లేవు. తీసిన సంచిని బయాప్సీకి పంపొద్దు, ఖర్చు ఎందుకని కొందరు అడుగుతారు. గాల్ బ్లాడర్ క్యాన్సర్ గంగా పరివాహక ప్రాంతాల్లో ఉన్నంతగా మన వైపు లేదు గానీ, ఉంది, తొలి దశలో స్కాన్‌కి దొరకనిది చాలాసార్లు ఈ రిపోర్టులోనే బయటపడుతుంది. పంపాల్సిందే.

ఆరు వారాలకి వచ్చినప్పుడు స్కాన్‌లో నీరు లేదు, మిగిలిన గోడ చిన్న అంచులా కనిపించింది, పసరు నాళం మామూలుగా ఉంది. ఇన్సులిన్ ఆపి మళ్లీ మాత్రల మీదికి వచ్చారు, షుగర్ పొద్దున 130 లోపే ఉంటోంది. నూనె ఎక్కువున్న కూర తింటే మాత్రం ఒకటి రెండుసార్లు విరేచనం పల్చగా అవుతోందన్నారు, కొందరికి మొదటి నెలల్లో అలా అవుతుంది, ఒకేసారి ఎక్కువ నూనె పడకుండా కొద్దికొద్దిగా అలవాటు చేసుకోమన్నాను. పాత స్కాన్ రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీ ఒకే కవర్లో పెట్టుకోమని కొడుక్కి చెప్పాను. సమ్మరీలో "సబ్‌టోటల్" అన్న మాట కింద గీత గీసి ఇచ్చాను, రేపెప్పుడైనా కుడివైపు నొప్పి వచ్చి వేరే ఊళ్లో వేరే డాక్టర్ దగ్గరకి వెళ్తే, సంచి తీసేశారు కదా అని గ్యాస్ మాత్ర రాయకుండా ముందు ఎంఆర్‌సీపీ తీయించాలి.